చెంపల పక్కన సందు

ఇల్లందు దగ్గరి తండా,
14 జూన్ 2004

ఒసేయ్ మహిమా,

ముందుగాల నన్ను తిట్టు, తిట్టినంక చదువు. మొన్న భద్రాచలంల మీ దవాఖానా బల్ల మీదికెల్లి మా యాడి లేచి ఉరికిందంటే నా తల కొట్టేసినట్టయ్యింది. నువ్వేమో డాక్టరమ్మను బతిమిలాడి, ఎక్స్‌రే తీపిచ్చి, నీ అన్నం టైముల మాకోసమని మిషను ఖాళీగ పెట్టినవ్. ఆమె చెప్పులు గూడ మరిచి బస్టాండు దాక పోయింది. చెప్పులు నీ దగ్గర్నే ఉన్నయి గదా? పారెయ్యకు తల్లీ, కొత్తయి.

ఖమ్మం హాస్టల్ల అయిదేండ్లు పక్కపక్కన చాపలు పరుచుకున్నోళ్లం. నేను అమ్మను యాడి అని, నాయన్ను బా అని పిలుస్తనని అందరు పడిపడి నవ్వేటోళ్లు. నువ్వొక్కదానివే నవ్వకపోయేది. అందుకే నీకు చెప్తున్న, నాకు మస్తు భయమైతుంది.

మీ డాక్టరమ్మ చెప్పిన మాట చెవులల్ల తిరుగుతనే ఉంది. మెడ ఎముకల నడుమ నరం నలుగుతుందంట. మిషనుతోని కొన్ని వారాలు గుంజి చూద్దామన్నది. గిట్లనే విడిచిపెడితే కుడిచెయ్యి పట్టు తప్పుతదంట. అప్పుడు హైదరాబాదుకు పోయి మెడ కోపిచ్చుకోవాలె, కోపిచ్చుకున్నా పోయిన బలం అంత తిరిగొస్తదని చెప్పలేమన్నది. మా యాడికి ఆ చెయ్యే లోకం. తండాల ఎవల పెండ్లికైనా అద్దాల రైకె ఆమె కుట్టాల్సిందే. నిన్న సూదిల దారం ఎక్కియ్యలేక దారాన్ని తిట్టింది, సూదిని తిట్టింది, ఆఖర్కి నన్ను తిట్టింది.

ఎందుకు లేచొచ్చినవే అంటే, "మెడకు తాడేసి గుంజుడు ఉరి గాదా?" అంటుంది. "గీ పని ముందుగాల ఎవడు చేసిండు? ముందుగాల ఎవల్ని యాలాడదీసిన్రు? వాళ్లు బతికిన్రా? గది తెల్సుకొని చెప్పు, అప్పుడు చూస్త" అంటుంది. నువ్వు చదివినవ్ గదా, రాసి పంపు. నేను చదివి వినిపిస్త.

బా బోరు లారీ మీద పనికి పోయి పన్నెండేండ్లాయె. ఇంట్ల ఉన్నది ఆమె, నేను. బడి పిల్లలకు పాఠం చెప్పుకుంట గూడ నా మనసు ఆమె వేళ్ల మీదనే ఉంటుంది.

నీ కమ్లి

•

భద్రాచలం,
27 జూన్ 2004

ప్రియమైన కమ్లీ,

చెప్పులు భద్రంగా ఉన్నాయి. మా అమ్మ జోజమ్మ వాటిని కడిగి ఎండలో పెట్టింది, "పాపం, ఆ ఎండలో ఉత్త కాళ్లతో ఎట్లా నడిచిందో" అని రెండు రోజులు బాధపడింది. నిన్ను తిట్టను. హేమ్లి పెద్దమ్మ అడిగినవి మంచి ప్రశ్నలు. నాలుగేళ్లు కాలేజీలో ఫిజియోథెరపీ చదివి నేను ఒక్కసారి గూడా అడగలేదు. పాత నోటుబుక్కులు ముందేసుకుని కూర్చున్నాను, చదివి వినిపించు.

పెద్దమ్మా, ఇది ఉరి కాదు. ఉరి ఒక్క కుదుపుతో ప్రాణం తీస్తుంది. ఇది కొలిచి, మెల్లగా లాగి, ఎముకల మధ్య నరానికి కొంచెం చోటిస్తుంది.

మొదట ఎవరు చేశారో ఎవరికీ తెలీదు. రెండు వేల నాలుగు వందల ఏళ్ల కింద గ్రీకు దేశంలో హిపోక్రటీస్ అనే వైద్యుడు దీని గురించి రాసిపెట్టాడు. అప్పట్లో వెన్ను వంగిన మనిషిని నిచ్చెనకి కట్టి, ఆ నిచ్చెనని పైకెత్తి, దబ్బుమని కిందికి కుదిపేవాళ్లంట. జనం నోరెళ్లబెట్టి చూడాలని కొందరు చేసే పని ఇది, నాకైతే సిగ్గుగా ఉంటుంది అని ఆయనే రాశాడు. ఆయన ఒక బల్ల సంగతి చెప్పాడు. మనిషిని దాని మీద పడుకోబెట్టి తల వైపు, కాళ్ల వైపు పట్టీలు కట్టి లాగేది. నువ్వు లేచి పారిపోయిన బల్లకి అది ముత్తవ్వ.

తర్వాత ఎన్నో వందల ఏళ్లకి ఇంగ్లండులో గ్లిసన్ అనే డాక్టరు, ఎముకలు మెత్తబడి వంకర పోయిన పిల్లలకి గడ్డం కింద, చంకల కింద పట్టీలు వేసి గాల్లో ఊగేటట్టు కట్టించాడు. చుట్టూ ఉన్నవాళ్లు అటూ ఇటూ ఊపేవాళ్లంట, చూడ ముచ్చటగా ఉండేదని రాసి ఉంది. గడ్డం కింది పట్టీకి ఇప్పటికీ ఆయన పేరే చెప్తారు.

కమ్లీ, ఇక నీకు. వారానికి మూడుసార్లు ఇంత దూరం మీరు రాలేరు. డాక్టరమ్మని అడిగి ఇంట్లో పెట్టుకునే సెట్టు ఆర్టీసీ పార్సిల్‌లో పంపుతున్నాను. గడ్డం పట్టీ, అడ్డకర్ర, గిలక, తాడు, నీళ్ల సంచి ఉంటాయి. స్టూలు మీద కూర్చోబెట్టి, మెడ కొంచెం ముందుకి వంచి, సంచిలో మూడు కిలోల గీత దాకా నీళ్లు పోయి. పదిహేను నిమిషాలు. తిమ్మిరి ఎక్కువైనా, కళ్లు తిరిగినా, నడక తేడా వచ్చినా వెంటనే ఆపి ఇక్కడికి తీసుకురా. మొదలుపెట్టే ముందు నగలన్నీ తీసెయ్యాలి, పట్టీ చెంపల పక్క నుంచి పోతుంది కదా. ఆ రోజు గూడా అదే చెప్పాను, నవ్వుతూనే చెప్పాను. అంతలోనే ఎందుకు బెదిరిందో!

నీ మహిమ

•

తండా,
25 జులై 2004

మహిమా,

నీ ఉత్తరం మూడుసార్లు చదివిపిచ్చుకుంది. నిచ్చెన కథకు ఎంత నవ్వింది! "జొన్న బస్తాను మనం గట్లనే కుదిస్తం, గింజ కిందికి దిగాలని. మనిషిని కుదిస్తే ఏం దిగుతది?" అన్నది. సిగ్గు అని రాసుకున్న వైద్యుడు మాత్రం నచ్చిండు. "తప్పు పనిని తప్పని చెప్పినోడు, మంచోడే" అన్నది. ఊయల పిల్లల కాడికొచ్చి, "ఆ పిల్లలు నవ్విన్రా?" అని అడిగింది. నువ్వు రాయలే గనీ నవ్విన్రని చెప్పిన.

నీ భాషేందే, మీ అమ్మ మధిర భాష అంతా ఒంటబట్టిచ్చుకున్నవ్! చేశాను, చూశాను. చదువుకుంట నాకే నవ్వొచ్చింది.

సెట్టు వచ్చింది. మా తలుపు పొట్టిది, దానికి గిలక బిగిస్తే మనిషి నేల మీద కూసోవాలె. పక్కింటి కోటేష్ బొగ్గు బాయిల పని చేస్తడు గదా, ఇంటి దూలానికి మంచిగ బిగిచ్చిండు. బరువు దింపుడు, లేపుడు వానికి రోజూ ఉండే పనే.

ఇంక మొదలుపెట్టలే. వానలు పడ్డయి, పత్తి గింజలు పెట్టుడు నడుస్తుంది. జర తెరిపి కానీ.

ఒక్కటి చెప్పాలె. మొన్న పొయ్యి మీది గిన్నెను కుడిచేత్తోని వట్టిగ పట్టుకుంది. వేలు కాలి పొక్కొచ్చింది. కాలినట్టు ఆమెకు తెల్వనే లే, నేను చూసి మొత్తుకున్న.

కమ్లి

•

భద్రాచలం,
16 ఆగస్టు 2004

కమ్లీ,

వేలు కాలినా తెలియలేదా? అది చదివి నాకు అన్నం సయించలేదు. అంత రాసి, మళ్లీ పత్తి గింజలంటావా?

మిగతా కథ చెప్తాను, పెద్దమ్మకి నా మీద నమ్మకం కుదరాలి. నూట పాతికేళ్ల కింద అమెరికాలో ఒక డాక్టరు వెన్ను వంగిన వాళ్లని గడ్డం పట్టీతో నిలువుగా పైకెత్తి, వెన్ను సాగినప్పుడు ఒంటి చుట్టూ సున్నపు కట్టు కట్టాడు. ఆ తర్వాత రష్యా దేశం నుంచి ఈ విద్య పారిస్ చేరింది. అక్కడ పెద్ద పేరున్న ఆసుపత్రిలో నరాల జబ్బు వాళ్లని వందల మందిని అట్లాగే వేలాడదీశారు. కొన్నేళ్లు దానిదే జోరు. ఆ జబ్బుకి అది పని చెయ్యదని తేలాక మానేశారు. 1933లో ఇంకొకాయన విరిగిన మెడలు నిలపడానికి తల ఎముకకే పటకారు లాంటిది బిగించి, దానికి బరువు కట్టాడు. తర్వాత కాలంలో మోటారు వచ్చింది, కాసేపు లాగుతుంది, కాసేపు వదులుతుంది. మన బల్ల అదే.

పటకారు సంగతి పెద్దమ్మకి చదవకు.

అబద్ధం చెప్పను. అందరికీ తగ్గుతుందని పుస్తకాలు గూడా రాయలేదు, డాక్టర్లలోనే వాదన ఉంది. కానీ ఆ రోజు బల్ల మీద నేను చేతులతో పెద్దమ్మ తలని మెల్లగా పట్టి లాగినప్పుడు, "వేళ్లల్ల చీమలు ఆగినయ్" అంది. గుర్తుందా? అందుకే నాకు ఆశ.

ఏడు వారాలైంది కమ్లీ. ఉరి భయం ఉన్న మనిషి నిచ్చెన కథకి అట్లా నవ్వదు. ఏదో దాస్తున్నావు. హాస్టల్లో గూడా నీకు జ్వరం వస్తే దుప్పటి కప్పుకుని చదువుతున్నట్టు నటించేదానివి. నేను నీకు ఏమీ కానా? నా చేతిలో పని ఉంది, ఆమె చెయ్యి పోతోంది, నువ్వు వానల గురించి రాస్తున్నావు. నాకు నిజంగా కోపంగా ఉంది.

మహిమ

•

తండా,
29 ఆగస్టు 2004

మహిమా,

చదవొద్దన్న ముచ్చట కింద రాస్తే ఎట్లనే? గట్టిగ చదువుకుంట పోయిన, పటకారు దాటినంక "చదవకు" అని కనిపిచ్చింది. యాడి తల పట్టుకొని ఇంట్లకు పోయింది. కొద్దిసేపటికి బయటికొచ్చి, "పారిస్ వాళ్లు పని చెయ్యలేదని ఒప్పుకున్నరా? అయితే నీ దోస్తు మాట నమ్మొచ్చు" అన్నది.

నీ కోపం నాయమే. భయం కాదే. నువ్వు ఆ రోజు నగలు తియ్యమన్నవ్. మా యాడి చెంపల పక్కన జుట్టుకు అల్లుకున్న వెండి గుగ్రీలు ఉన్నయి గదా, అవి నీకు నగలు. మాకు అవి మొగుడు బతికున్నడన్న గుర్తు. పెండ్లినాడు పెట్టుకుంటరు, మొగుడు పోయిననాడే తీస్తరు. ఆమె పండుకునేటప్పుడు గూడ తియ్యదు. బా ఇయ్యాల కాకుంటే రేపు లారీ దిగి వస్తడని పన్నెండేండ్ల సంది చూస్తుంది. బల్ల మీద పండవెట్టి అవి తియ్యమంటే, నీ మొగుడు సచ్చిండని నీ నోటితోని చెప్పు అన్నట్టే ఉండె ఆమెకు. నీకు చెప్తే నువ్వు సిగ్గుపడతవని నన్ను చెప్పనియ్యలే.

ఇది సగమే. మిగిలిన సగం ఎవలకు చెప్పలే. బా లేడు మహిమా.

నాలుగేండ్ల కింద ఇల్లందు బస్టాండుల దస్రు కనిపిచ్చిండు, బా తోని బోరు లారీ మీద పని చేసినోడు. ఎక్కడ్నో ఒరిస్సా దిక్కు జ్వరమొచ్చి పోయిండంట, అక్కడ్నే కాలబెట్టిన్రంట. బా చేతి వెండి కడెం నా చేతుల పెట్టి, మీ యాడికి నువ్వే చెప్పు బిడ్డా అని బస్సెక్కి పోయిండు. నేను ఇంటికొచ్చేసరికి యాడి గుగ్రీలను చింతపండుతోని తోముకుంట పాట పాడుతుంది. రేపు చెప్దామనుకున్న. ఆ రేపు నాలుగేండ్లాయె. కడెం బడి అలమారల హాజరు రిజిస్టర్ల కింద ఉన్నది.

ఇప్పుడు చెప్పు, నేనేం చెయ్యాలె? నిజం చెప్తే గుగ్రీలు తీస్తది, మెడకు పట్టీ పడ్తది, చెయ్యి దక్కుతది. గనీ మెడ కోసమని మొగుణ్ని సంపిచ్చినట్టు అయితది. చెప్పకుంటే చెయ్యి పోతది. నా అబద్ధం ఆమె చెయ్యి తింటుంది. నాకు ఏడుపు ఆగుతలేదు.

కమ్లి

•

భద్రాచలం,
8 సెప్టెంబరు 2004

నా కమ్లీ,

నీ ఉత్తరం చదివి దవాఖానా మెట్ల మీదే కూర్చుండిపోయాను. నాలుగేళ్లు ఒక్కదానివే మోశావా! నేను నిన్ను ఎన్నెన్ని మాటలన్నాను, మన్నించవే.

తప్పు నాది గూడా. నాలుగేళ్లు చదువులో నేర్పింది ఒకటే, లోహం తీసెయ్యమని చెప్పాలి. ప్రతి మిషను దగ్గరా చెప్పాలి. నోటికి అలవాటైపోయింది. సెలవులకి మీ ఇంటికొచ్చి, పెద్దమ్మ పక్కన కూర్చుని, ఆ గుగ్రీల చప్పుడు వింటూ జొన్నరొట్టె తిన్నదాన్ని. తియ్యమని ఎట్లా అన్నానో!

నువ్వు రెండింటినీ కలిపి ముడేశావు. విడదీద్దాం. ముందు మెడ. ఆ కథలన్నీ రాస్తూ ఒక్కటి గమనించాను, ప్రతి కాలంలోనూ ఎవరో ఒకరు పట్టీని మార్చారు. మనం మారిస్తే తప్పేంది? మా అమ్మకి చెప్పాను. కుట్టు మిషను ముందేసుకుని మూడు రోజులు కూర్చుంది. కాన్వాసు గుడ్డ, లోపల మెత్తటి పాత ఫ్లానెల్. గడ్డం కింద, తల వెనక గట్టిగా పడుతుంది. చెంపల పక్కన రెండు వైపులా సందు వదిలింది, గుగ్రీలు అందులోంచి వేలాడతాయి. అడ్డకర్ర వెడల్పుది పెట్టించాను, వాటికి పట్టీ తగలదు. ముందు నేనే వేసుకుని పదిహేను నిమిషాలు వేలాడాను, అమ్మ పక్కనే నిలబడి ప్రార్థన చేసింది. డాక్టరమ్మ గూడా చూసి సరే అంది.

పెద్దమ్మకి చెప్పు, ఏమీ తియ్యొద్దని, తియ్యమన్నందుకు మహిమ మన్నించమంటుందని. పట్టీతో పాటు చెప్పులు గూడా ఈ పార్సిల్‌లోనే పెట్టాను.

ఇక రెండోది. అది మెడ కోసం చెప్పొద్దు. చెయ్యి బాగుపడ్డాక చెప్పు. కానీ చెప్పు కమ్లీ. ఆయన ఆమె మనిషి, ఆయన వార్త గూడా ఆమెదే.

నీ మహిమ

•

తండా,
24 అక్టోబరు 2004

మహిమా,

పట్టీ చూడంగనే మా యాడి ఏం చేసిందో తెల్సా? సందులల్ల వేళ్లు పెట్టి చూసింది, ఇటు తిప్పింది, అటు తిప్పింది. "జోజమ్మ కుట్టు గట్టిది" అన్నది. ఒక కుట్టుడు మనిషి ఇంకో కుట్టుడు మనిషిని మెచ్చుకుందంటే చిన్న మాట కాదు, మీ అమ్మకు చెప్పు. స్టూలు మీద కూసొని, "ఊ, యాలాడదియ్యి" అన్నది.

రోజూ పొద్దున రేడియోల పాటలు వచ్చేటప్పుడు పెడుతున్న. మూడు పాటలైతే పదిహేను నిమిషాలు. తండా ఆడోళ్లు మొదటిరోజు తలుపు కాడ గుంపైన్రు. ఇప్పుడు ఎవలు చూస్తలేరు. పోయిన నెలల నువ్వు వచ్చి చూసి నాలుగు కిలోలు చెయ్యమన్నవ్ గదా, గట్లనే చేస్తున్న. నువ్వు నేర్పిన మెడ కసరత్తులు గూడ చేపిస్తున్న, నీళ్ల బిందెలు నేనే మోస్తున్న.

చీమలు పాకుడు తగ్గింది. మొన్న బిందె మూత తీసింది. నిన్న, దేవుడా, సూదిల దారం! నాలుగుసార్లు తప్పింది, అయిదోసారి ఎక్కింది. నన్ను పిలిచి చూపిచ్చింది. నేను సంబురంతోని ఏడిస్తే, "దారం ఎక్కితే ఏడుస్తరా పిచ్చిదానా" అన్నది.

ఆ దారం కోసం ఒక్కదానికే ఏడ్వలే, నీకు తెల్సు. ఇగ నా వంతు వచ్చింది.

కమ్లి

•

తండా,
5 డిసెంబరు 2004

మహిమా,

చెప్పిన.

రెండు వారాల కింద, పొద్దున మూడు పాటలు అయినంక పట్టీ ఇప్పి పక్కన పెట్టిన. బడికెల్లి తెచ్చిన కడెం ఆమె చేతుల పెట్టిన. ఆమె ముందుగాల దాని దిక్కు చూడలే. నా మొకం దిక్కు చూసింది. కండ్లు మూసుకొని కుడిచేతి వేళ్లతోని కడెం చుట్టంత తడిమింది. ఒక్క కాడ వేలు ఆగింది. "సొట్ట" అన్నది. పెండ్లైన ఏడాది బండి ఇరుసుకు తాకి పడ్డ సొట్టంట. వానకాలంల కాలే గిన్నె తెల్వని వేలే అది.

"ఎన్నడు?" అన్నది. నాలుగేండ్లాయె అన్న. నన్ను కొడుతదనుకున్న, తిడుతదనుకున్న. నా తల దగ్గరికి గుంజుకొని, "నాలుగేండ్లు ఇది కడుపుల పెట్టుకొని నాకు వండిపెట్టినవా బిడ్డా" అన్నది. ఆ తర్వాత ఏడ్చింది. తండా అంత కదిలొచ్చింది. నేను గూడ ఏడ్చిన, నాలుగేండ్లది ఒక్కసారే ఏడ్చిన.

దినాల నాడు పెద్ద ఆడోళ్లు గుగ్రీలు తియ్యనీకి వచ్చిన్రు. నాకు కోపమొచ్చింది. "ఎందుకు తియ్యాలె? ఆమెకు ఇష్టముంటే ఉంచుకుంటది, మీకేంది?" అని అందరి మీదికి లేచిన. యాడి నన్ను చెయ్యి పట్టి కూసోపెట్టింది. "ఉన్నడని పెట్టుకున్న. లేడని తెల్సినంక నాకే బరువు" అన్నది. ఆడోళ్లు దగ్గరికొస్తే, "ఆగుండ్రి, నాకు చేతులున్నయి" అన్నది. ఒక్కొక్క ముడి, ఒక్కొక్క పాయ, నిమ్మలంగ తనే ఇప్పుకుంది. పొద్దు గూట్లె పడేదాక పట్టింది. ఎవలం ముట్టుకోలే.

మొన్న నేను, ఇగ సందు ఎందుకు, చెంపల కాడ కుట్టేస్త, ఇంకా గట్టిగ ఉంటది అన్న. పట్టీ నా చేతులకెల్లి గుంజుకుంది. "సందు కుట్టకు. నాసొంటిది ఇంకొకతి వస్తది ఆడికి" అన్నది. నువ్వు ముందుగాల పంపిన మామూలు పట్టీతోనే పెట్టుకుంటదంట. ఇది నీకు పంపమన్నది. సందు అంచులకు అద్దాలు కుట్టింది, నూలు ఎర్రది, పచ్చది. ఆ కుట్టు చూడు, ఒక్కటన్న వంకర ఉందేమో చూడు!

కమ్లి

•

భద్రాచలం,
19 జనవరి 2005

కమ్లీ,

వంకర లేదు. మా అమ్మ భూతద్దం పెట్టి మరీ వెతికింది, దొరకలేదు. పట్టీని నా బల్ల పక్కన మేకుకి తగిలించాను.

ఇవాళ మణుగూరు దిక్కు తండా నుంచి గోరి అని ఒకావిడ వచ్చింది. మెడనొప్పి, రెండు చేతులూ తిమ్మిర్లు. డాక్టరమ్మ చూసి నా దగ్గరికి పంపింది. గుమ్మం దగ్గరే ఆగిపోయింది, గుగ్రీల మీద చెయ్యి అడ్డం పెట్టుకుని. మేకు మీది పట్టీ తీసి ఆమె చేతికిచ్చాను. అద్దాలు చూసింది, సందు చూసింది, అందులో వేళ్లు పెట్టింది, పెద్దమ్మ పెట్టినట్టే. "తియ్యొద్దా?" అంది. తియ్యొద్దు అన్నాను.

బల్ల మీద కూర్చుని మళ్లీ లేచింది. "ఇది ముందుగాల ఎవలకేసిన్రు? ఆమె మంచిగున్నదా?" అని అడిగింది.

మా హేమ్లి పెద్దమ్మకి వేశాం, మంచిగుంది, ఈ అద్దాలు ఆమే కుట్టింది అన్నాను.

గోరి చెప్పులు విడిచి పడుకుంది.

నీ మహిమ